వృత్తి సంఘానికి వ్యూహ ప్రణాళిక రాయాలంటే ముందు కోశాధికారితో కూర్చోండి

మీ ప్రశ్న మొత్తం చదివాను. నెదర్లాండ్స్‌లో సెలక్షన్, అసెస్‌మెంట్ పనిలో, అంటే ఉద్యోగ అభ్యర్థులను పరీక్షించి ఎంపిక చేసే పనిలో ఉన్నారు. అక్కడి జాతీయ సంఘం తరఫున యూరప్ స్థాయి వర్క్ సైకాలజిస్టుల (పని ప్రదేశపు మనస్తత్వ నిపుణుల) సంఘానికి వచ్చే అయిదేళ్ల వ్యూహం రాసే బృందంలో మీ పేరు ఇచ్చారు. మొదటి మీటింగ్‌కి బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు గళ్ల పట్టిక నింపి తెమ్మన్నారు. పరిశోధకులకూ ప్రాక్టీసులో ఉన్నవాళ్లకూ అక్కడ పెద్దగా పడదని ముందే మీ చెవిన వేశారు. ఇంతకీ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ టెన్షన్. చివర్లో మన ఇండియా వాళ్లకి కూడా తలుపు తెరవమని అడగనా అన్నారు, దాని సంగతి కింద చెప్తాను.

నేను జర్మనీలో ఇదే రంగంలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఒకటికి రెండు వృత్తి సంఘాల కార్యవర్గాల్లో కూర్చున్నాను, ఇలాంటి ప్రణాళికలు రాసినవాళ్లలో ఉన్నాను, రాసినవి అటకెక్కడం కూడా చూశాను. అందుకని మొహమాటం లేకుండా చెప్తున్నాను: ఆ నాలుగు గళ్ల పట్టిక నింపడానికి ఒక సాయంత్రం కంటే ఎక్కువ కేటాయించకండి. ఏ సంఘం పట్టిక తీసుకున్నా బలాల గడిలో 'నిబద్ధత గల సభ్యులు' అనీ, ముప్పుల గడిలో 'వేగంగా మారుతున్న పని ప్రపంచం' అనీ ఉంటుంది. దాన్నిబట్టి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు. దానికి బదులు కోశాధికారికి మెయిల్ పెట్టి, గత మూడు నాలుగేళ్ల జమాఖర్చులు అడగండి. కార్యదర్శిని అడిగి ఏ పని ఎవరు చేస్తున్నారో పేర్లతో సహా జాబితా తెప్పించుకోండి. సంఘం అసలు వ్యూహం ఏమిటో ఆ రెండు కాగితాల్లో ఇప్పటికే రాసి ఉంటుంది, ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరంతే.

ఎందుకలా అంటున్నానో తెలియాలంటే ఇలాంటి సంఘం ఎలా నడుస్తుందో చూడాలి. అందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం, యూరోపియన్ అసోసియేషన్ ఆఫ్ వర్క్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ, పొట్టిగా ఈఏడబ్ల్యూఓపీ. 1991లో పుట్టింది. ఇందులో వ్యక్తులూ సభ్యులే, జాతీయ సంఘాలూ సభ్యులే. వినడానికి మామూలుగా ఉంది గానీ తగువులన్నీ ఇక్కడే మొదలవుతాయి. సొంత డబ్బుతో ఫీజు కట్టిన లెక్చరర్‌కి కావలసింది పేపర్ చదివే వేదిక, నలుగురు పరిచయాలు, పీహెచ్‌డీ పిల్లలకి సమ్మర్ స్కూల్. జాతీయ సంఘానికి కావలసింది తమ దేశంలో తమ వృత్తికి గౌరవం తెచ్చిపెట్టే యూరప్ ముద్ర. ఈ ఇద్దరినీ 'మా సభ్యులు' అని ఒకే మాటలో కలిపేసి ప్రణాళిక రాస్తే ఇద్దరికీ అది తమ కోసం రాసినట్టు అనిపించదు. కాబట్టి ఏ లక్ష్యం ఎవరి కోసమో పక్కనే రాయమని మొదటి రోజే పట్టుబట్టండి.

ఇక కాలం లెక్క. ఈ సంఘం జీవితం రెండేళ్లకోసారి జరిగే మహాసభ చుట్టూ తిరుగుతుంది. 2013లో మ్యున్‌స్టర్, 2015లో ఓస్లో, 2017లో డబ్లిన్, 2019లో టురిన్. 2021లో గ్లాస్గోలో జరగాల్సింది కోవిడ్ పుణ్యమా అని 2022 జనవరికి వాయిదా పడింది. తర్వాత 2023లో పోలండ్‌లోని కటోవిట్సే, 2025లో ప్రాగ్. మహాసభ ఉన్న ఏడాది, లేని ఏడాది అని రెండు రకాల ఏడాదులు ఉంటాయి ఇలాంటి చోట్ల. మహాసభ ఉన్న ఏడాది మొదటి సగంలో కార్యవర్గం నుంచి వేరే పని ఆశించడం దండగ. చాలామంది ఈ సంగతి పట్టించుకోకుండా మొదటి ఏడాది ఇది, రెండో ఏడాది అది అని సమానంగా పంచేస్తారు. దానికంటే రెండేళ్ల మహాసభ చక్రాన్నే కొలతగా పెట్టుకుని, నాలుగేళ్లకో ఆరేళ్లకో ప్రణాళిక రాసుకోవడం నయం. అయిదేళ్లు అనేది ఎవరో ఎక్కడో పెట్టిన అలవాటు, మీ సంఘం క్యాలెండర్‌కి అది అతకదు.

డబ్బు దగ్గరికి వస్తే, ఇలాంటి సంఘాలకు సాధారణంగా మూడు చోట్ల నుంచి వస్తుంది: సభ్యత్వ ఫీజు, మహాసభ మిగులు, పరిశోధన పత్రికకి పబ్లిషర్ ఇచ్చే వాటా. మీ సంఘంలో ఈ మూడింటి నిష్పత్తి ఎంతో ముందు తెలుసుకోండి. ఎందుకంటే ఆదాయంలో పెద్ద భాగం మహాసభ నుంచే వస్తుంటే, ఒక్క మహాసభ వాయిదా పడితే ప్రణాళిక మొత్తం వాయిదా పడుతుంది. గ్లాస్గో లాంటిది మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, అందుకని 'ఒక మహాసభ నష్టంతో ముగిస్తే ఏ పనులు ఆపుతాం, ఏవి ఆపం' అన్న పేరా ఒకటి ప్రణాళికలో ఉండి తీరాలి. అది రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు, మీరు రాయండి.

పత్రిక డబ్బు ఇంకో రకం చిక్కు. ఈఏడబ్ల్యూఓపీకి రెండు పత్రికలున్నాయి, యూరోపియన్ జర్నల్ ఆఫ్ వర్క్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ టేలర్ అండ్ ఫ్రాన్సిస్ వేస్తుంది, ఆర్గనైజేషనల్ సైకాలజీ రివ్యూ సేజ్ వేస్తుంది. 2018లో యూరప్ పరిశోధన నిధుల సంస్థలు ప్లాన్ ఎస్ (తమ డబ్బుతో జరిగిన పరిశోధన అందరికీ ఉచితంగా చదవడానికి దొరకాలన్న నియమం) ప్రకటించినప్పటి నుంచి చందాల మీద నడిచే పత్రికల లెక్కలు మారుతున్నాయి. చందా కట్టే లైబ్రరీ స్థానంలో పేపర్‌కింత అని కట్టే విశ్వవిద్యాలయం వస్తోంది. ఇందులో సంఘం వాటా పెరుగుతుందా తరుగుతుందా అనేది ఒప్పందం బట్టి ఉంటుంది. ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, తిరగరాసేటప్పుడు చర్చలకు ఎవరు కూర్చుంటారు అని అడిగితే మీటింగ్‌లో సగం మందికి సమాధానం తెలియదు, పందెం కడతాను. ఆ ముగింపు తేదీ మీ ప్రణాళిక కాలంలో పడితే అదే మీ అన్నిటికంటే పెద్ద వ్యూహ నిర్ణయం, దాని గురించి ఒక్క ముక్క లేకుండా 'శాస్త్రీయ శ్రేష్ఠత' అని పేజీ నిండా రాసుకోవడంలో అర్థం లేదు.

డబ్బు కంటే తక్కువగా ఉండేది మనిషి గంటలు. ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం, అంకెలు నావే, మీ అసలు అంకెలు పెట్టుకుని చూడండి. కార్యవర్గంలో తొమ్మిది మంది, అందరూ ఎక్కడో ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసుకుంటూ స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. ఒక్కొక్కరు వారానికి రెండు గంటలు, సెలవులూ పరీక్షలూ పోను ఏడాదికి 40 వారాలు అనుకుంటే మొత్తం 720 గంటలు. యూరప్‌లో ఒక పూర్తికాలం ఉద్యోగి ఏడాదికి సుమారు 1,600 గంటలు పనిచేస్తాడనుకుంటే, మీ చేతిలో ఉన్నది సగం మనిషి కూడా కాదు. ఆ సగం మనిషిలోనే ఆన్‌లైన్ మీటింగులు, మినిట్స్, వెబ్‌సైట్ తిప్పలు, సభ్యుల మెయిళ్లకు జవాబులు, బ్యాంకు సంతకాలు అన్నీ పోగా కొత్త పనికి మిగిలేది ఏడాదికి ఏ 150 గంటలో. ఇప్పుడు ఆరు స్తంభాలు (ప్రధాన లక్ష్యాలకు ప్రణాళికల్లో పెట్టే పేరు), ఒక్కో స్తంభం కింద అయిదేసి చర్యలు ఉన్న ప్రణాళిక తెచ్చి ముందు పెడితే ఒక్కో చర్యకు ఏడాదికి అయిదు గంటలు. అయిదు గంటల్లో జరిగే పని ఏమిటి? ఒక జూమ్ కాల్, దాని మినిట్స్, తర్వాతి కాల్‌కి తేదీ వెతుక్కోవడం.

నేను ఉన్న ఒక సంఘంలో (పేరు అనవసరం) సరిగ్గా ఇలాగే చేశాం. హోటల్ హాలు, గోడల నిండా పసుపు చీటీలు, తలా అయిదు ఎర్ర చుక్కల స్టిక్కర్లు ఇచ్చి నచ్చినవాటి మీద అతికించమన్నారు. మధ్యాహ్నం కాఫీ వేళకు చూస్తే చుక్క పడని చీటీ దాదాపు లేదు, 'యువ సభ్యులను ఆకర్షించాలి' అనే చీటీ మీద చోటు చాలక చుక్కల మీద చుక్కలు. సరే, ఈ పని ఎవరు తీసుకుంటారు అని అధ్యక్షురాలు అడిగితే, అంతమందిలో ఒక్క చెయ్యి లేవలేదు. అవన్నీ అలాగే ప్రణాళికలోకి ఎక్కాయి. రెండేళ్ల తర్వాత ఆ యువ సభ్యుల విభాగం చూసే అమ్మాయి ఒక్కతే అన్నీ మోసి మోసి, చివరికి సంఘానికే దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. బర్నవుట్ మీద యూరప్ మొత్తానికి పాఠాలు చెప్పే మనుషుల సంఘం అది. పని భారం, దానికి తగ్గ వనరులు అనే నమూనా 2001లో డెమరౌటి, బక్కర్, నాఖ్‌రైనర్, షౌఫెలి రాసిన పేపర్‌తో మన రంగంలో పేరుకెక్కింది, అది కోట్ చేయనివాళ్లు ఆ హాల్లో ఎవరూ ఉండి ఉండరు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, కొత్త చీటీ ఏది గోడ మీదికి ఎక్కాలన్నా దాని కింద మూడు గీతలు ఉండాలి: ఎవరు చేస్తారు (పేరు, 'కార్యవర్గం' అని కాదు), ఏడాదికి ఎన్ని గంటలు, దానికి చోటు చేయడానికి ఏం ఆపేస్తున్నాం. మూడో గీత ఖాళీగా ఉంటే చీటీ కిందికి. ఇది కఠినంగా ఉంటుంది, మొదటిసారి అన్నప్పుడు గదిలో కాస్త చలి పుడుతుంది కూడా. అయినా వదలకండి. ఆపే పనుల జాబితా లేని ప్రణాళికను సర్వసభ్య సమావేశం చప్పట్లతో ఆమోదిస్తుంది, ఎందుకంటే అందులో ఎవరికీ ఏమీ పోవడం లేదు.

గదిలో మాట్లాడించే పద్ధతి గురించి కూడా ఒక మాట, మన రంగమే దీని మీద బోలెడు పని చేసింది కదా. స్టాసర్, టైటస్ అనే పరిశోధకులు 1985లో చూపించిందే: గుంపులో కూర్చున్నప్పుడు అందరికీ తెలిసిన విషయాలే మళ్లీ మళ్లీ మాట్లాడుకుంటారు, ఒక్కరికే తెలిసిన ముఖ్యమైన ముక్క బయటికి రాదు. మీ బృందంలో ఆ ముక్క ఉండేది ఎప్పుడూ కోశాధికారి దగ్గర, ఆఫీసు పని చూసే పార్ట్‌టైమ్ మనిషి దగ్గర, చిన్న దేశం నుంచి వచ్చి అందరి చివర కూర్చున్నవారి దగ్గర. అందుకని మీటింగ్‌కి ముందే ఒక్కొక్కరితో విడిగా అరగంట ఫోన్ మాట్లాడండి. అప్పుడు తెలిసినవి మీటింగ్ మొదట్లో పేర్లు లేకుండా బల్ల మీద పెట్టండి. బ్రెయిన్‌స్టార్మింగ్ చేయాల్సి వస్తే ముందు ఎవరికి వారు రాసుకోవాలి, తర్వాతే మాటలు. సభ్యులకు పెద్ద సర్వే పంపుదాం అని ఎవరో ఒకరు అంటారు. పంపండి గానీ 'మా సంఘం నుంచి ఏం కోరుకుంటున్నారు' అని అడగకండి, అందరూ అన్నీ కోరుకుంటారు. 'గత ఏడాది మా వల్ల మీకు పనికొచ్చింది ఏమైనా ఉంటే చెప్పండి' అని అడగండి. సభ్యత్వం మానేసినవాళ్లలో ఒక పది మందికి ఫోన్ చేయగలిగితే అది ఆ సర్వే మొత్తానికి సాటి వస్తుంది.

ఇప్పుడు పరిశోధకులు, ప్రాక్టీసు వాళ్ల తగువు. మీరు అసెస్‌మెంట్ వైపు నుంచి వస్తున్నారు కాబట్టి మిమ్మల్ని చూడగానే 'ప్రాక్టీసు ప్రతినిధి' కుర్చీలో కూర్చోబెడతారు. ఆ కుర్చీలో కూర్చుని 'మాకు ప్రాధాన్యం లేదు' అని ఫిర్యాదు చేసిన ప్రతి ఒక్కరికీ ఒక ఉపసంఘం ఇచ్చి పంపించేశారు, మీరు ఆ దారిలో వెళ్లకండి. ఈఏడబ్ల్యూఓపీలో ప్రాక్టీసు వాళ్ల కోసం వర్క్‌ల్యాబ్ అనే కార్యశాల ఉంది, ఇన్‌ప్రాక్టీస్ అనే ఈ-జర్నల్ ఉంది, అంటే ప్రయత్నమే లేదని చెప్పలేం. అసలు చిక్కు వేరే చోట ఉంది. పరిశోధకుడికి యూరప్ సంఘం కెరీర్‌లో నేరుగా పనికొస్తుంది, పేపర్ చదివితే సీవీలో లైన్ పడుతుంది, ప్రయాణ ఖర్చు యూనివర్సిటీ పెట్టుకుంటుంది. మీలాంటివాళ్లు రెండు రోజులు వెళ్తే రెండు రోజుల బిల్లింగ్ పోతుంది, పైగా క్లయింట్ ఆ దేశపు భాషలో మాట్లాడేవాడు, ఆ దేశపు చట్టం కింద నియామకాలు చేసేవాడు. ఇంగ్లిష్‌లో జరిగే యూరప్ వెబినార్ వల్ల అతనికి ఒరిగేది తక్కువ. ఈ తేడాని ఒప్పుకోకుండా 'శాస్త్రానికీ ఆచరణకూ మధ్య వారధి' అని రాయడం మొదలుపెడితే అయిదేళ్ల తర్వాత వచ్చే బృందం కూడా అదే వాక్యం రాస్తుంది.

మరి ప్రాక్టీసు వాళ్లకి యూరప్ స్థాయిలో ఏదైతే పనికొస్తుంది? నా లెక్కలో, ఒక్కో దేశం ఒంటరిగా చేసుకోలేనిది. మీరున్న నెదర్లాండ్స్‌లోనే చూడండి, డచ్ సైకాలజిస్టుల సంస్థ ఎన్‌ఐపీ కింద కోటాన్ అనే కమిటీ ఉంది, 1959 నుంచీ ఉన్నదే. మార్కెట్లో ఉన్న మానసిక పరీక్షలను ఏడు ప్రమాణాల మీద తూకం వేసి బాగుంది, పర్వాలేదు, చాలదు అని గ్రేడ్ ఇస్తుంది: సిద్ధాంత పునాది, మెటీరియల్ నాణ్యత, మాన్యువల్, నార్మ్‌లు (ఒకరి స్కోరును పోల్చి చూడడానికి ఒక నమూనా గుంపు నుంచి తీసిన స్కోర్లు), నమ్మకత్వం, ఇంకా రెండు రకాల వాలిడిటీ (కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అన్నది). ఫలానా టెస్టుకి కోటాన్ గ్రేడ్ ఎంత అని క్లయింటే అడుగుతాడు, మీకు తెలియనిది కాదు. జర్మనీలో ఆ పని ఇంకోలా జరుగుతుంది, డీఐఎన్ 33430 అని ఉద్యోగ ఎంపికల నాణ్యతకు ఒక ప్రమాణమే ఉంది, 2002లో వచ్చింది, 2016లో తిరగరాశారు. ఇలాంటి ఏర్పాట్లేవీ లేని దేశాలు యూరప్‌లో ఇంకా ఉన్నాయి. అక్కడి సైకాలజిస్టు ఎవరో అమ్మిన వీడియో ఇంటర్వ్యూ సాఫ్ట్‌వేర్ మంచిదా కాదా అని క్లయింట్ అడిగితే చూపించడానికి ఏ కాగితమూ ఉండదు. యూరప్ సంఘం ఒక్క పని, ఒక్కటే, బాగా చేయాలంటే ఇలాంటి చోట చేయాలి: నాలుగు పేజీల కాగితం, క్లయింట్‌కి ఇవ్వగలిగేది, స్థానిక భాషల్లోకి జాతీయ సంఘాలు మార్చుకునేది. అది పరిశోధకులు లేకుండా రాయలేం, ప్రాక్టీసు వాళ్లు లేకుండా జనంలోకి వెళ్లదు. తగువు తీరడానికి సెమినార్ పెట్టడం కంటే ఉమ్మడిగా ఒక పని నెత్తిన వేయడం నయం.

వృత్తి గుర్తింపు గురించి ఎవరో తప్పకుండా లేవదీస్తారు. యూరప్ అంతటా వర్క్ సైకాలజిస్టు అనే పేరుకు ఒకటే రక్షణ తేవాలి అని. వినడానికి బాగుంటుంది. కానీ ఫ్రాన్స్‌లో సైకాలజిస్టు అనే పేరు 1985 నుంచీ చట్టంలో ఉంది, బ్రిటన్‌లో ఆక్యుపేషనల్ సైకాలజిస్టు అనే పేరునే 2009 నుంచి ప్రభుత్వ రిజిస్టర్ కాపాడుతోంది, మీ నెదర్లాండ్స్‌లో వట్టి సైకాలజిస్టు అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఇవి జాతీయ చట్టాలు, యూరప్ సంఘం కదిలిస్తే కదిలేవి కావు. అర్హతల వైపు యూరోసై అనే యూరప్ స్థాయి సర్టిఫికెట్ ఇప్పటికే ఉంది, అయిదేళ్ల యూనివర్సిటీ చదువు, ఏడాది పర్యవేక్షణలో ప్రాక్టీసు, ఆ పైన వర్క్, ఆర్గనైజేషనల్ సైకాలజీకి విడిగా స్పెషలిస్టు సర్టిఫికెట్ కూడా. దాన్ని చూసుకునేది 1981లో పుట్టిన సైకాలజిస్టుల సంఘాల సమాఖ్య ఈఎఫ్‌పీఏ. మీరు ఆ దారిలో ఇంకో సర్టిఫికెట్ పుట్టించాలని ఎవరైనా అంటే మర్యాదగా ఆపండి.

ఇక అసలు విషయానికి వస్తాను, నన్నడిగితే ప్రణాళికలో సగం దీనికే ఇవ్వాలి. బ్రసెల్స్, అంటే యూరోపియన్ యూనియన్ చట్టాలు తయారయ్యే చోటు. పని ప్రదేశం మీద యూరప్ చట్టాలు ఈ మధ్య నేరుగా మన రంగంలోకే వచ్చేశాయి. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన ఏఐ చట్టం నియామకాలకు, ఉద్యోగుల నిర్వహణకు వాడే ఏఐని హై రిస్క్ జాబితాలో పెట్టింది. వైద్యం, భద్రత కారణాలకు తప్ప పని ప్రదేశంలో ఉద్యోగి భావోద్వేగాలను ఏఐతో అంచనా వేయడం 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధం. ప్లాట్‌ఫాం పని మీద 2024లో వచ్చిన ఆదేశం, డెలివరీ కుర్రాళ్ల మానసిక స్థితి గురించిన డేటాను యాప్‌లు వాడకూడదంటోంది, దేశాలన్నీ 2026 డిసెంబరు 2 లోగా దాన్ని తమ చట్టాల్లోకి తేవాలి. ఈ వాక్యాల్లో ఉన్నవన్నీ మనవాళ్లు దశాబ్దాలుగా కొలుస్తున్న విషయాలే. ముఖం చూసి మనసు చెప్పే సాఫ్ట్‌వేర్‌కి వాలిడిటీ ఎంత అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన వృత్తి ఏదైనా ఉందంటే మనదే.

మరి ఎందుకు వినబడం? జ్ఞానం లేక కాదు, గడువు అందక. యూరోపియన్ కమిషన్ బహిరంగ సంప్రదింపులకు మామూలుగా 12 వారాలు ఇస్తుంది, ముసాయిదా నిబంధనల మీద అభిప్రాయానికైతే నాలుగు వారాలు. ఏడాదికి మూడు నాలుగుసార్లు కలిసే కార్యవర్గం, ప్రతి ప్రకటనకీ జాతీయ సంఘాలన్నిటి ఆమోదం తీసుకోవాలనుకునే సంఘం నాలుగు వారాల్లో ఏం చెప్తుంది? ఎవరో మెయిల్ పెడతారు, ఇద్దరు 'నా దేశంలో పరిస్థితి వేరు' అంటారు, ఒకరు సెలవులో ఉంటారు, గడువు దాటిపోతుంది. దీనికి మందు కొత్త కమిటీ కాదు, ముందుగా ఇచ్చిన అధికారం. సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేయించండి: ఫలానా రెండు అంశాల మీద, ఫలానా శాస్త్రీయ వైఖరి పరిధిలో, ముగ్గురు మనుషులు సంఘం పేరుతో జవాబు పంపవచ్చు, తర్వాత నివేదిక ఇస్తే చాలు. ఆ ఒక్క తీర్మానం మీ ప్రణాళికలోని మిగతా అన్ని పేజీల కంటే ఎక్కువ పని చేస్తుంది. అంశాలు రెండే పెట్టుకోండి. నేనైతే నియామకాల్లో ఏఐ ఒకటి, పనిలో మానసిక ఒత్తిళ్ల ముప్పు రెండోది పెట్టుకుంటాను.

ఇంకో రహస్యం లాంటిది, రహస్యమేమీ కాదు గానీ మనవాళ్లు మర్చిపోతుంటారు. సామాజిక విధానం మీద చట్టం తెచ్చేముందు కమిషన్ తప్పనిసరిగా అడగాల్సింది కార్మిక సంఘాలనూ యజమానుల సంఘాలనూ, వృత్తి సంఘాలను కాదు. పని ఒత్తిడి మీద 2004లో యూరప్ స్థాయిలో కుదిరిన ఒప్పందం ఈ రెండు పక్షాల మధ్యే కుదిరింది. అంటే మనం నేరుగా తలుపు తట్టడం కంటే, లోపల కూర్చున్నవాళ్ల చేతికి వాడుకోగలిగిన కాగితం ఇవ్వడం తెలివైన పని. పని ప్రదేశంలో భద్రత, ఆరోగ్యం చూసే ఈయూ సంస్థ ఈయూ ఓషా (బిల్బావోలో ఉంది), పని, జీవన పరిస్థితులను పరిశోధించే ఈయూ సంస్థ యూరోఫౌండ్ (డబ్లిన్‌లో ఉంది) కూడా అంతే, వాళ్ల దగ్గర పెద్ద సర్వేలున్నాయి, వ్యాఖ్యానించే నిపుణులు వాళ్లకు కావాలి. ఏఐ చట్టానికి సాంకేతిక ప్రమాణాలు రాసేది సెన్, సెనెలెక్ అనే యూరప్ ప్రమాణ సంస్థల ఉమ్మడి కమిటీ జేటీసీ 21, అందులోకి దారి జాతీయ ప్రమాణ సంస్థల గుండా ఉంటుంది. మీకైతే ఎన్‌ఈఎన్. మీ బృందంలో ఎవరూ ముందుకు రాకపోతే మీరే అక్కడ అద్దం కమిటీలో (యూరప్ కమిటీ పనిని దేశంలో అనుసరించే కమిటీని మిర్రర్ కమిటీ అంటారు) చేరవచ్చేమో కనుక్కోండి, అది ఏ స్తంభం కంటే గట్టి పని.

అమెరికాలో ఇదే రంగం వాళ్ల సంఘం సియోప్ ప్రణాళిక తెచ్చి అలా చేద్దాం అనేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. వాళ్లది ఒకే దేశం, ఏటా సదస్సు, ఒహాయోలో జీతాలిచ్చే ఆఫీసు. చదవండి, నేర్చుకోండి, కాపీ కొట్టకండి.

ఫీజుల సంగతి క్లుప్తంగా: బల్గేరియా సభ్యుడికీ నార్వే సభ్యుడికీ ఒకే ఫీజు, ఒకే మహాసభ రుసుము అంటే ప్రణాళికలో 'యూరప్ అంతటా సమాన భాగస్వామ్యం' అన్న వాక్యం నవ్వులపాలవుతుంది. జీతాల స్థాయిని బట్టి శ్రేణులు పెట్టండి, లేకపోతే ఆ వాక్యం తీసేయండి. వరసగా రెండు మహాసభలు కటోవిట్సేలో, ప్రాగ్‌లో జరగడం మంచి మాటే, కానీ మహాసభ వేదిక తూర్పుకి వెళ్లినంత మాత్రాన కార్యవర్గ పదవులు వెళ్లవు.

చివరికి మీరు అడిగిన ఆ మాట, ఇండియా వాళ్లకి తలుపు తెరవమనడం. 'గ్లోబల్' అని ఇంకో స్తంభం నిలబెట్టమని అడగకండి, ఆ పనికి అమెరికా వాళ్లతోనూ అంతర్జాతీయ అనువర్తిత మనస్తత్వ సంఘంతోనూ కలిసి ఇప్పటికే ఒక కూటమి ఉంది. కానీ మీరు చెప్పదగ్గ నిజమైన కారణం ఒకటుంది. యూరప్ కంపెనీల నియామకాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌ని తయారు చేసేవాళ్లు, నడిపేవాళ్లు హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో చాలామంది కూర్చుని ఉన్నారు. ఆ ఏఐ ఎక్కడ తయారైనా దాని ఫలితాన్ని యూరప్‌లో వాడితే యూరప్ చట్టం వర్తిస్తుంది. మాదాపూర్‌లో కూర్చుని అభ్యర్థుల స్కోరింగ్ సరిచేసే కుర్రాడికి కోటాన్ ఏమి చూస్తుందో, నార్మ్ గ్రూప్ అంటే ఏమిటో చెప్పేవాళ్లు లేరు. పైన చెప్పిన నాలుగు పేజీల కాగితం వాళ్లకీ పంపొచ్చు, ఆన్‌లైన్ సెషన్లకు తక్కువ రుసుముతో సహ సభ్యత్వం ఇవ్వొచ్చు. గంటలు ఎన్ని పడతాయో, దాని కోసం ఏం ఆపుతారో ముందే లెక్క వేసుకుని వెళ్లండి, ఎందుకంటే ఆ మూడు గీతల రూల్ మీరే పెట్టి ఉంటారు కాబట్టి మొదట మిమ్మల్నే అడుగుతారు.